ఇరవై నాలుగో మనిషి

ఇంతవరకు జరిగింది కొద్ది మాటల్లో. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆకాష్ టీమ్ లీడ్. డిసెంబరు మొదటి ఆదివారం రిలీజ్ ఉంది. క్లయింటు వాడే ప్రోగ్రాంలో మార్పులు ఎక్కించే రోజున టీమ్ నుంచి ఒక్కరైనా ఆఫీసులో కూర్చోవాలని నిబంధన. మిగతావాళ్లు ఇళ్ల నుంచి పనిచేయవచ్చు. ఆ ఒక్కరుగా ఆకాష్ పేరు పడింది. సెలవు అడిగితే ఇవ్వలేదు. దుబాయ్‌లో ఉంటున్న చిన్నాన్న కొడుకు రాకేశ్ అప్పటికే అబుదాబి కార్ల రేసుకు రెండు టికెట్లు కొన్నాడు. ఆకాష్ తన గేటు కార్డును ఐదో అంతస్తు శుభ్రం చేసే నర్సమ్మకు ఇచ్చి శనివారం విమానం ఎక్కాడు. సోమవారం పొద్దున శంషాబాద్‌లో దిగి ఫోన్ చూస్తే మేనేజరు పంపిన సందేశం ఉంది. పదకొండింటికి నాలుగో అంతస్తు మీటింగ్ రూముకు రావాలి. కార్డు తీసుకుని రావాలి.

కార్డు అతని దగ్గర లేదు.

శంషాబాద్ నుంచి గచ్చిబౌలి వచ్చేదాకా క్యాబ్‌లో అతను ఒక కథ తయారు చేసుకున్నాడు. శుక్రవారం పార్కింగ్‌లో కార్డు పడిపోయింది, ఎవరికో దొరికితే వాడారు, తనకు తెలియదు. ఔటర్ రింగు రోడ్డు దిగేలోపు ఆ కథను మూడుసార్లు మనసులో చెప్పి చూసుకున్నాడు. రిసెప్షన్ బల్ల దగ్గర రోజూ ఉండే గార్డు ఓదెలు లేడు. కొత్త మనిషి రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఒక రోజుకు పనికొచ్చే చీటీ ఇచ్చాడు. లిఫ్టులో ఐదో అంతస్తు బటన్ మీద టేపు అంటించి ఉంది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది.

మీటింగ్ రూములో ముగ్గురున్నారు. డెలివరీ మేనేజరు రామ్మోహనరావు, హెచ్ఆర్ నుంచి జ్యోత్స్న, భవనం భద్రతాధికారి లక్ష్మీనారాయణ. లక్ష్మీనారాయణ పోలీసు ఇన్‌స్పెక్టరుగా రిటైరై ఈ ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది.

ఆకాష్ తలుపు తీయగానే రామ్మోహనరావు లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"దేవుడున్నాడయ్యా. నిన్న సాయంత్రం నీ మెసేజ్ వచ్చేదాకా మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదంటే నమ్ము. కూర్చో బాబూ, కూర్చో."

ఆకాష్ కూర్చున్నాడు. పార్కింగ్ కథ పక్కన పెట్టాడు.

"మీకు తెలిసిందే అయినా, రికార్డు కోసం చదువుత," అని లక్ష్మీనారాయణ కాగితం తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం రెండు యాభై అయిదుకు ఐదో అంతస్తులోని బ్యాటరీల గదిలో పొగ లేచింది. అలారం మోగింది. అలారం మోగితే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి, బయటికి వెళ్లేవాళ్లు కార్డు స్వైప్ చేసే పని ఉండదు. కంప్యూటర్ నుంచి లోపలున్నవాళ్ల జాబితా తీసి, ముందు గేటు బయట నిలబడినవాళ్ల పేర్లు పిలిచారు. ఇరవై నాలుగు పేర్లు. ఇరవై ముగ్గురు పలికారు.

"ఇరవై నాలుగో పేరు మీది," అన్నాడు లక్ష్మీనారాయణ. "నేనే పిలిచిన. నాలుగుసార్లు. ఫైరింజన్ కొండాపూర్ దగ్గర ట్రాఫిక్‌ల ఉంది. ఎవ్వరూ లోపలికి పోవద్దని చెప్పిన. ఓదెలు పోయిండు."

"ఎక్కడికి?"

"మీ కోసం. ఐదో అంతస్తుకు. మూడు ముప్పై అయిదుకు ఫైర్ వాళ్లు కిందికి తెచ్చిండ్రు. మీ సీటు పక్కన పడి ఉన్నడట. ఇప్పుడు దవాఖానల ఉన్నడు, ఆక్సిజన్ మీద."

ఆకాష్ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. పట్టుకుని కూర్చున్నాడు.

"చూడండి, మా ఆకాష్ మెడంతా కమిలిపోయింది," అన్నాడు రామ్మోహనరావు. "వేడి పొగ మరి."

లక్ష్మీనారాయణ ఆ మెడ వైపు చూసి, తన కాగితం వైపు చూశాడు.

"ఒక్కొక్కటే అడుగుత. కార్డు లెక్క ప్రకారం మీరు తొమ్మిది నాలుగుకు లోపలికొచ్చిండ్రు. పదకొండు పదిహేనుకు బయటికి, పదకొండున్నరకు లోపలికి. చాయ్ అనుకుంట. ఒంటిగంటకు బయటికి, ఒకటి ముప్పై అయిదుకు లోపలికి. భోజనం. టైంకు తింటరు మీరు. మంచి అలవాటు."

తొమ్మిదికి ఒకసారి, ఆరుకు ఒకసారి. ఆకాష్ నర్సమ్మకు చెప్పింది అంతే. చాయ్, భోజనం ఆమె సొంతంగా చేర్చింది.

"రెండు యాభై అయిదుకు ఎక్కడున్నరు?"

హైదరాబాద్‌లో రెండు యాభై అయిదంటే అబుదాబిలో ఒకటీ ఇరవై అయిదు.

ఆదివారం వాళ్లు దుబాయ్‌లో రాకేశ్ గది నుంచి ఎనిమిదిన్నరకు బయలుదేరారు. రేసు సాయంత్రం ఐదింటికి. అంత ముందెందుకు అని ఆకాష్ అడగలేదు. పన్నెండో ఏట నుంచి టీవీలో చూస్తున్నాడు, ఒక రోజంతా అక్కడ ఉండాలనుకున్నాడు. కారు పార్కింగ్‌లో పెట్టి బస్సెక్కారు. బస్సు దిగి నడిచారు. గేటు దగ్గర సంచులు వెతికారు, మణికట్టుకు పట్టీ కట్టారు. రెండు గంటలకోసారి ఆకాష్ టీమ్ గ్రూపులో "ఇక్కడ అంతా ఓకే" అని సందేశం పెట్టాడు. మొదటిది పార్కింగ్‌లో, రెండోది బిర్యానీ డబ్బా కోసం నిలబడిన వరుసలో.

పన్నెండున్నరకు సీట్లలో కూర్చున్నారు. మెట్ల వరుసల స్టాండు, పై నుంచి నాలుగో వరుస, పైన నీడ లేదు, ఎండ మెడ మీద పడుతోంది. టీవీలో రేసు మొత్తం కనిపిస్తుంది. అక్కడ ఒక మలుపు కనిపిస్తుంది. కార్లు ఎడమ నుంచి వస్తాయి, బ్రేకు వేస్తాయి, కుడికి వెళ్లిపోతాయి. మిగతాది ఎదురుగా ఉన్న తెర మీద చూసుకోవాలి. ముందుగా చిన్న తరగతి కార్ల పోటీ పెట్టారు. మొదటి కారు మలుపులోకి వచ్చినప్పుడు చప్పుడు చెవికంటే ముందు పక్కటెముకలకు తగిలింది. ఆకాష్ లేచి నిలబడ్డాడు. చుట్టూ అందరూ నిలబడ్డారు. పక్క సీటులో ఒక ముసలాయన చెవులకు దూది పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆకాష్‌కు తెలిసినట్టే అనిపించింది.

ఒకటీ నలభైకి ఫోన్ మోగింది. నర్సమ్మ.

"ఎవరు అన్నా? ఆఫీసా?" అని రాకేశ్ అరిచాడు. మామూలుగా మాట్లాడితే వినపడదు.

"నర్సమ్మ. కార్డు సంగతి ఏదో అడుగుతది."

"ఏందంట? నీ కార్డుకు చాయ్ తాపిస్తదా?"

ఇద్దరూ నవ్వారు. ఆకాష్ ఫోన్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. కట్ చేశాడు. కార్లు తిరిగి వచ్చే సమయానికి మోగుతోంది, వీడియో తీయనివ్వడం లేదు. ఆరుసార్లు మోగింది, ఆరుసార్లూ కట్ చేశాడు. తర్వాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. కెమెరా పనిచేస్తుంది, ఛార్జింగ్ మిగులుతుంది.

నాలుగున్నరకు తెరిస్తే రామ్మోహనరావు సందేశం ఉంది. "క్షేమంగా ఉన్నావా?" ఫైర్ డ్రిల్ ఏదో పెట్టి ఉంటారనుకున్నాడు. "క్షేమం సార్, బయటే ఉన్నా" అని పంపాడు. అరగంటలో రేసు మొదలైంది. యాభై ఎనిమిది చుట్లు. ప్రతి కారూ ఆ మలుపు దగ్గర యాభై ఎనిమిదిసార్లు బ్రేకు వేసి వెళ్లింది. చివర బాణసంచా కాల్చారు. రాకేశ్ భుజం మీద చేయి వేసి ఆకాష్ ఫోటో దిగాడు.

"ఆకాష్ గారూ," అన్నాడు లక్ష్మీనారాయణ. "రెండు యాభై అయిదుకు."

"సీటులో," అన్నాడు ఆకాష్. అది నిజమే.

జ్యోత్స్న ల్యాప్‌టాప్ మూసి ఒక కాగితం బల్ల మీదుగా జరిపింది. "ఇది జస్ట్ ఫార్మాలిటీ ఆకాష్. మీరు షాక్‌లో ఉంటారని నేనే డ్రాఫ్ట్ చేశాను. కెమెరాల రికార్డింగ్ బాక్స్ కూడా ఆ పొగలోనే పోయింది, అందుకే మీ స్టేట్‌మెంట్ ముఖ్యం. కరెక్ట్‌గా ఉంటే సైన్ చేయండి."

కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. అలారం మోగినప్పుడు నేను ఐదో అంతస్తులో నా సీటులో ఉన్నాను. తూర్పు మెట్లలో పొగ ఉన్నందున పడమటి మెట్ల మీదుగా కిందికి దిగాను. గేటు దాటి ఇంటికి వెళ్లిపోయాను. పేర్లు పిలుస్తున్నారని నాకు తెలియదు.

"వేరే దారి లేదుగా, అందుకని పడమటి మెట్లు అని రాశా," అంది జ్యోత్స్న.

రామ్మోహనరావు గొంతు తగ్గించాడు. "ఇందులో ఇంకో సంగతుంది బాబూ. గార్డుల ఏజెన్సీ వాళ్లు పేచీ పెడుతున్నారు. లోపల మనిషే లేకపోతే ఓదెలు డ్యూటీ వదిలేసి తిరగడానికి వెళ్లినట్టేనట. వైద్యం వాళ్లకు సంబంధం లేదట, ఉద్యోగం కూడా తీసేస్తారట. నువ్వు లోపల ఉన్నావని రాసిస్తే నోరు మూసుకుంటారు. ఆ మాత్రం మనం చెయ్యొద్దూ వాడికి?"

ఆకాష్ కాగితం మళ్లీ చదివాడు. తనకు కావలసింది, ఓదెలుకు కావలసింది ఒకే చోట ఉన్నాయి. సంతకం పెడితే చాలు.

"కార్డు తెచ్చిండ్రా?" అని అడిగాడు లక్ష్మీనారాయణ.

"కింద బ్యాగులో ఉంది సార్. ఐదు నిమిషాల్లో తెస్తాను."

నర్సమ్మ అదే అంతస్తులో టీ పెట్టే ప్యాంట్రీ గది బయట స్టూలు మీద కూర్చుని ఉంది. కంపెనీ ఇచ్చే నీలం చొక్కా వేసుకోలేదు, చీరలో ఉంది. ఆమెనూ పదకొండింటికి రమ్మన్నారు. మూడేళ్లుగా ఆకాష్‌కు ఆమె తెలుసు. సూపర్‌వైజరుతో మాట్లాడి ఆమెను రాత్రి షిఫ్టు నుంచి పగటికి మార్పించింది అతనే. ఆఫీసుకు వారానికి మూడు రోజులు రావాలనే నియమం వచ్చాక, రాలేని రోజున కార్డు ఆమెకివ్వడం మొదలుపెట్టిందీ అతనే. తర్వాత ఆ అంతస్తులో మరో ముగ్గురు ఇచ్చారు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఓదెలు ఆమె భర్త అని ఆకాష్‌కు తెలుసు. కార్డు ఆమె పార్కింగ్ వైపు గేటు దగ్గర కొడుతుంది కాబట్టి, రిసెప్షన్‌లో ఉండే ఓదెలుకు ఈ సంగతి తెలియదనీ తెలుసు.

ఆకాష్‌ను చూసి ఆమె లేచి ప్యాంట్రీలోకి నడిచింది. అతను వెనకే వెళ్లాడు. ఆమె కార్డు తీసి ఇచ్చింది.

"ఎట్లుంది ఇప్పుడు?"

"మాట్లాడుతుండు. రెండు మాటలు మాట్లాడితే దగ్గొస్తంది." ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. "ఫోన్ జేసిన గద సారూ. ఎన్నిసార్లు జేసిన."

"వినపడలేదు నర్సమ్మా. అక్కడ చప్పుడు."

"కట్ జేస్తే కట్ జేసినట్టు తెలుస్తది సారూ."

ఆకాష్ కార్డు వైపు చూశాడు. కార్డు మీద అతని ఫోటో ఉంది.

"మా పనోళ్లను ఎనక గేటు కాడ నిలబెడ్తరు," అంది ఆమె. "మా లిస్టు వేరే. అయిదో అంతస్తు సారు దొరుకుతలేడని మా సూపర్‌వైజర్ అన్నడు. నువ్వు ఒక్క ఫోన్ జేసి నేను లోపల లేను అంటే అయిపోవు గద అని నీకే జేసిన. నేను జెప్తే, నీకెట్ల తెలుసంటరు. నౌకరి పోతదనుకున్న. ఆయన ముందు దిక్కున్నడు, గాయన లోపలికి పోతడని నాకేం తెలుసు? తెలిస్తే చెప్తుంటి. నౌకరి పోతే పోనీ, చెప్తుంటి."

"చాయ్‌కి, భోజనానికి కార్డెందుకు కొట్టినవ్?"

"మనిషన్నంక అన్నం తినడా సారూ? పొద్దుందాక కదలకుంటే ఎవలకన్న అనుమానం రాదా?" ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పొద్దున కండ్లు తెర్వంగనే ఏమడిగిండో ఎరుకేనా. సారు దొరికిండా అన్నడు. దొరికిండు, మంచిగున్నడు అన్న. ఇగ పండుకున్నడు."

ఆకాష్ లోపల ఉన్న కాగితం సంగతి చెప్పాడు. ఏజెన్సీ సంగతీ చెప్పాడు. ఆమె విన్నది.

"పెట్టు సారూ సంతకం," అంది. "నువ్వు లోపల్నే ఉన్నవని రాయి. నీది పోదు, నాది పోదు, ఆయనది పోదు. ఎవలకు నష్టం?"

ఆకాష్ మీటింగ్ రూముకు తిరిగి వచ్చి కార్డు బల్ల మీద పెట్టాడు. జ్యోత్స్న పెన్ను ఇచ్చింది. సంతకం పెట్టి తేదీ వేశాడు. రామ్మోహనరావు వీపు తట్టాడు.

లక్ష్మీనారాయణ ఆ కాగితం తన ముందుకు లాక్కున్నాడు. "చదివే పెట్టిండ్రు గద?"

"చదివాను సార్."

"పడమటి మెట్లు."

"అవును."

అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి విప్పాడు. "పొద్దున ఎనిమిదింటికి నేను దవాఖానకు పోయిన. నర్సమ్మ మందులకు పోయి లేదు. ఓదెలు చెప్పింది నేనే రాసుకున్న. సంతకం పెట్టిండు." చదివాడు. "అలారం మోగితే పడమటి మెట్ల కింది తలుపు పట్టుకుని నిలబడడం నా డ్యూటీ. మొదటి మోతకే వెళ్లి నిలబడ్డాను. ఆ మెట్ల మీదుగా పదకొండు మంది దిగారు. అందరి ముఖాలూ చూశాను. ఆకాష్ సారు లేడు. సారు ముఖం నాకు తెలుసు. పేర్లు పిలవడం అయ్యాక, సారు దిగలేదు కాబట్టి పైనే ఉన్నాడని వెళ్లాను."

రామ్మోహనరావు ముందుకు వంగి ఆ కాగితం మీది సంతకం చూశాడు.

"ఇది మాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు రామ్మోహనరావు.

"ముందు చూపిస్తే సారు తూర్పు మెట్లని రాస్తుండె. పొగలో దిగిన అంటుండె." లక్ష్మీనారాయణ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టాడు. "రెండిట్ల ఒక్కటే నిజం. ఆకాష్ గారు పడమటి మెట్లు దిగింది నిజమైతే, ఓదెలు తలుపు కాడ లేడు. లేకుండనే ఉన్ననని అబద్ధం చెప్పిండు. ఏజెన్సీకి అదే కావాలె. డ్యూటీ వదిలిండు, దొంగ స్టేట్‌మెంట్ ఇచ్చిండు. ఇగ దవాఖాన నుంచి లేచినంక ఏ గేటు కాడ కూడ ఎవ్వరూ నిలబెట్టరు."

"పొరపాటున చూడలేదేమో," అంది జ్యోత్స్న. "పదకొండు మంది ఒకేసారి దిగితే..."

"పిలుద్దాం మేడం. ఆయన సంగతి ఇంట్ల మనిషికి తెలుస్తది."

నర్సమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నర్సమ్మా," అన్నాడు లక్ష్మీనారాయణ. "సారు పడమటి మెట్ల మీదికెల్లి దిగిండట. సంతకం పెట్టిండు. ఆ తలుపు కాడనే ఉన్న, సారు దిగలేదని నీ పెనిమిటి అంటుండు. ఆయన తలుపు వదిలి పోయిండని రాసుకోవాల్నా?"

ఆమె ఆ మాటలు రెండోసారి మనసులో చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"ఆయన తలుపు ఇడ్వడు సార్."

"మనిషే గద. భయపడి ఉంటడు."

"భయపడితే పైకి పోతుండెనా?" ఆమె గొంతు లేచింది. "పదేండ్ల సంది గేటు కాడ నిలవడుతుండు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి కుర్చీల కూసోని పండుకున్నడని ఎవరినన్న అనమనుండ్రి. తలుపు ఇడిసిపెట్టిండని రాస్తే ఆయన అన్నం ముట్టడు సార్. నాకెరుకే."

"అంటే సారు అబద్ధం చెప్పిండా?"

నర్సమ్మ ఆకాష్ వైపు చూసింది. ప్యాంట్రీలో సంతకం పెట్టమన్నది ఆమే. ఆ సంగతి ఆమె కళ్లలోనే ఉంది. ఇప్పుడు వద్దంటోందో, ఏమంటోందో అతనికి అర్థం కాలేదు. అర్థం కావడానికి అతను ఆగలేదు.

"ఆ కాగితం ఇటివ్వండి సార్," అన్నాడు.

"సంతకం పడ్డ కాగితం వాపస్ ఇయ్య. తెల్లకాగితం ఇస్త."

"ఆకాష్, ఆలోచించుకో," అన్నాడు రామ్మోహనరావు. "క్లయింటుకు తెలిస్తే టీమే పోతుంది. నీ ఒక్కడిది కాదయ్యా."

ఆకాష్ రాశాడు. మూడు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది. సంతకం పెట్టి, కాగితం వాళ్ల వైపు జరపకుండా తనే చదివాడు.

"ఆదివారం నేను హైదరాబాద్‌లో లేను. అబుదాబిలో కార్ల రేసు చూస్తున్నాను. ఓదెలు చెప్పింది నిజం."

జ్యోత్స్న పెన్ను మూత కోసం బల్ల మీద వెతికింది. రామ్మోహనరావు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

లక్ష్మీనారాయణ ఆ కాగితాన్ని ఓదెలు కాగితం మీద పెట్టాడు. రెండు అంచులూ సరిచేశాడు. ఇన్‌స్పెక్టరుగా ఎన్ని గదుల్లో చేశాడో ఆ పని. తర్వాత కార్డు లెక్క ఉన్న కాగితం అందుకున్నాడు.

"మంచి పని చేసిండ్రు. ఓదెలు మాట నిలబడ్డది," అన్నాడు. "తొమ్మిది నాలుగు. పదకొండు పదిహేను. పదకొండున్నర. ఒంటిగంట. ఒకటి ముప్పై అయిదు. ఈ కార్డు అయిదుసార్లు గేటు దాటింది. మీరు అబుదాబిలో కూసుంటే, ఇక్కడ మీ పేరు మీద చాయ్ తాగి అన్నం తిన్నదెవరు?"

అతను ఆ ప్రశ్న ఆకాష్‌ను అడిగాడు. చూపు మాత్రం తలుపు వైపు ఉంది. నర్సమ్మను ఎవరూ వెళ్లమనలేదు. ఆమె అక్కడే నిలబడి ఉంది.